అప్‌డేట్: గ్యాస్ గీజర్ పైపు మార్చాక ఏమైందంటే

పోయిన నెల అడిగాను, గుర్తుందా? నల్లగొండలో మా ఇంట్లో, అమ్మ వంటింట్లో పొయ్యి వెలిగించగానే గీజర్ మంట చిన్నదై, నీళ్లు గోరువెచ్చగా వచ్చేవి. సిలిండర్ అయిపోవచ్చిందనో, రెగ్యులేటర్ పోయిందనో అనుకున్నా. రెండూ కొత్తవి పెట్టినా అదే తంతు.

మీలో ఇద్దరు చెప్పిందే నిజమైంది. తప్పు పైపుదే. బయటి సిలిండర్ నుంచి స్నానాలగది గోడ దాకా 9 మీటర్లు, అదంతా 8 మిల్లీమీటర్ల రాగి గొట్టం, మధ్యలో ఐదు ఎల్బోలు (గొట్టం మలుపు తిరిగే జాయింట్లు). లెక్క వేసి చూస్తే, నిమిషానికి 6 లీటర్ల నీళ్లను 25 డిగ్రీలు వేడి చేయడానికి గంటకు సుమారు 0.9 కిలోల గ్యాస్ కావాలి. పొయ్యి రెండు బర్నర్లకు మరో 0.3 కిలో దాకా. రెగ్యులేటర్ ఇచ్చే ప్రెషర్ 30 మిల్లీబార్లే, అది సన్న గొట్టంలోనే అరిగిపోతోంది. లోపలి వ్యాసం రెట్టింపైతే, అదే గ్యాస్‌కు ప్రెషర్ నష్టం సుమారు 32వ వంతుకు పడిపోతుందట. అది చదివాక ఇక ఆలోచించలేదు.

15 మిల్లీమీటర్ల గొట్టం వేయించా, ఎల్బోలు రెండుకు తగ్గాయి. ప్రతి జాయింట్‌కూ సబ్బు నురగ రాసి చూశాం. ఒకచోట బుడగలొస్తే, కొత్త గొట్టం వేసినతను మళ్లీ బిగించాడు. గీజర్‌ను స్నానాలగది బయటి గోడకు మార్చా, మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు భయం కాబట్టి.

ఇప్పుడు పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నా మంట తగ్గట్లేదు. మొదట పైపు వేసినాయన మాత్రం ఫోన్ ఎత్తట్లేదు.