ఈఎం సర్వేలో కింద 2 ఓమ్ మీటర్ల పొర వచ్చింది, నీళ్లేనా?

కొత్తపట్నం కుర్రోడు:
మాది ఒంగోలు పక్కన కొత్తపట్నం వైపు, సముద్రం దగ్గరే. సర్వితోపు పక్కన బోరు పాయింటు కోసం టెమ్ సర్వే (ఈఎం అంటే విద్యుదయస్కాంత సర్వేల్లో ఒక రకం) చేయించాం, 40 మీటర్ల చదరంగా వైరు పరిచి కరెంటు వదిలి టక్కున ఆపి రీడింగులు తీశారు. పైన 12 మీటర్ల దాకా ఇసుక, 60 ఓమ్ మీటర్లు (కరెంటుని నేల ఎంత అడ్డుకుంటదో చెప్పే లెక్క), దాని కింద 2 ఓమ్ మీటర్ల పొర 10 మీటర్ల మందం అని రిపోర్టు. కండక్టర్, అంటే కరెంటు బాగా పారే పొర తగిలింది కాబట్టి నీళ్లు ఖాయం, 25 మీటర్లు దించండి అంటున్నాడు సర్వే చేసినాయన. పోయినేడు ఒక బోరు ఉప్పుకి పోయింది, నాయన అది తలుచుకుని రెండ్రోజుల్నుంచి సరిగ్గా అన్నం కూడా తినట్లా. దించమంటారా?

రాళ్ల మాస్టారు:
దించమాక తమ్ముడూ. కనిగిరి, పొదిలి వైపు గట్టిరాయిలో ఓమ్‌లు తగ్గినచోట రాయి కుళ్లో పగిలో ఉంటది, అక్కడ నీళ్లు పడే అవకాశం ఎక్కువ, ఆ లెక్క సముద్రం ఒడ్డుకి తెస్తే మునిగిపోతాం. కరెంటు ఆపగానే భూమిలో సుడి కరెంట్లు పుట్టి కిందికి దిగతా తగ్గిపోతయి, కండక్టర్ పొరలో ఆ తగ్గడం నిదానం, మిషన్ చూసేది ఆ నిదానాన్నే, అది బంకమట్టి వల్లా ఉప్పునీళ్ల వల్లా అని దానికి తెలీదు. పక్కన ఫిల్టర్ పాయింటు (ఇసుకలో దించే లోతు తక్కువ బోరు) ఉంటే ఆ నీళ్ల ఈసీ (నీళ్లలో కరెంటు ఎంత పారుద్దో చెప్పే రీడింగు, ఉప్పు పెరిగితే ఇదీ పెరుగుద్ది) ఎంతో చూసి చెప్పు.

కావలి జియో:
ఆ 10 మీటర్ల మందాన్ని కూడా అంత నమ్మొద్దు బ్రో. 2 ఓమ్‌లది 10 మీటర్లున్నా, 4 ఓమ్‌లది 20 మీటర్లున్నా కండక్టెన్స్ (మందాన్ని ఓమ్‌లతో భాగిస్తే వచ్చేది) 5 సీమెన్స్ ఒకటే, రీడింగ్ దాదాపు ఒకేలా వస్తది. లూప్ పక్కన కరెంటు లైను, ఇనుప కంచె ఏమన్నా ఉన్నాయా?

కొత్తపట్నం కుర్రోడు:
లైను చాలా దూరం అన్నా, కంచె లేదు. పక్కోళ్ల ఫిల్టర్ పాయింటు 9 మీటర్లు, ఇప్పుడే రొయ్యల చెరువుల దగ్గర మీటరు అడిగి తెచ్చి పెట్టా, ఈసీ 900 (సెంటీమీటరుకి మైక్రోసీమెన్స్) చూపించింది.

రాళ్ల మాస్టారు:
ఇంకేం, తేలిపోయింది. 10,000ని 900తో భాగిస్తే ఆ నీళ్లు 11 ఓమ్ మీటర్లు, ఇసుకలో నిండితే దానికి నాలుగైదు రెట్లు, అంటే 45 నుంచి 55, నీ పై పొర 60కి దగ్గరే. మీ మంచినీళ్లు పైనే ఉన్నయి. కింది 2 కూడా ఇసుకే అనుకుంటే అందులో నీళ్లు అర ఓమ్, అంటే ఈసీ 20,000, నోట్లో పెట్టలేం. ఇసుక కాకపోతే బంకమన్ను, దాన్లోంచి నీళ్లు ఊరవు. ఏదైనా సరే ఆ పొర జోలికి పోమాక. 9 మీటర్ల దగ్గరే ఆపి ఫిల్టర్ పాయింటు వేయించు, చిన్న మోటరు పెట్టి ఆపి ఆపి తోడండి, ఒకేసారి గట్టిగా లాగితే కింద ఉప్పుంటే పైకి ఎక్కుద్ది. నాయనకి ఇది చదివి వినిపించు.