ఎల్ట్జ్ కోటలో ఉమ్మడి భాగాల ఖర్చు ఎవరు భరించేవారు?

జర్మనీలో మోజెల్ నదికి ఉత్తరాన, ఎల్ట్జ్‌బాఖ్ వాగు మూడు వైపులా చుట్టిన రాతిగుట్టపై నిలిచిన ఎల్ట్జ్ కోట నేటికీ అదే పేరుగల వంశీకుల సొంత ఆస్తే. 1157 నాటి దానపత్రంలో రుడాల్ఫ్ ఫాన్ ఎల్ట్జ్ పేరు సాక్షిగా కనిపిస్తుంది. 1268కి ముందే ముగ్గురు అన్నదమ్ములు పంపకాలు చేసుకోగా, తరువాతి కాలంలో కెంపెనిఖ్, ర్యూబెనాఖ్, రోడెన్‌డార్ఫ్ శాఖలు ఒకే ప్రాకారంలో ఎవరి మేడలు వారు కట్టుకున్నాయి. స్థలం చాలక అవి పైపైకే పెరిగాయి. లోపలి వాకిట్లో, రెండు బసాల్ట్ స్తంభాల మీద ముందుకు పొడుచుకొచ్చిన ర్యూబెనాఖ్ మేడ గది దీనికి చక్కని ఉదాహరణ.

నా సందేహం ఇది: సింహద్వారం, వాకిలి వంటి ఉమ్మడి భాగాల మరమ్మతు ఖర్చును ఈ మూడు శాఖలు ఏ నిష్పత్తిలో పంచుకునేవి? 1815లో కోట మొత్తం కెంపెనిఖ్ శాఖ చేతికి వచ్చేదాకా వాటాదారుల మధ్య కుదిరిన ఒప్పందపత్రాలు అచ్చయి ఉంటే, అవి ఎక్కడ దొరుకుతాయో జర్మన్ చదవగలిగినవారు దయచేసి తెలుపగలరు. అలాగే పై అంతస్తుల కొయ్యచట్రపు గోడల్లో పాతవేవో, 19వ శతాబ్దపు పునరుద్ధరణలో మార్చినవేవో గుర్తుపట్టే ఆనవాళ్లు వాస్తుశిల్పులెవరైనా వివరిస్తే ఎంతో మేలు. పర్యాటకుల కరపత్రాల్లో ఉండే పొగడ్తలు మాత్రం నాకు అక్కరలేదు.