డిశ్చార్జ్ బిల్లు గురించి తెలిసినవాళ్లు చెప్పండి, అర్జెంట్

కొబ్బరిమట్ట: పొద్దున్నుంచీ భీమవరంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గరే నిలబడి ఉన్నానండి. నాన్నగారికి తొంటి ఎముక ఆపరేషన్. చేరేటప్పుడు లక్షా ఇరవై అన్నారు, ఇప్పుడు మొత్తం 1,94,000, అందులో మేం 71,000 కట్టాలంటున్నారు. 'ఫార్మసీ, కన్స్యూమబుల్స్ 68,400' అని ఒక్క లైనే ఉంది (కన్స్యూమబుల్స్ అంటే గ్లౌజులు, సిరంజిల్లాంటివట). విడిగా ఇమ్మంటే 'సిస్టమ్‌లో అంతే వస్తుందండి' అంటున్నారు. కట్టేదాకా పంపరట. బుర్ర పనిచేయట్లేదు.

ఒక్కమాట: వివరాల బిల్లు కావాలని కాగితం మీద రాసివ్వండి. ఫొటో తీసుకోండి.

గౌతమీతీరం: ముప్పై ఏళ్లు మందుల షాపులో ఉన్నవాణ్ణి, చెబుతున్నా వినండి. అసలు లోపలి ఫార్మసీలోనే కొనాలన్న రూలు లేదు. బయట నుంచి తెచ్చుకునే హక్కు పేషెంటుకుంది, మనవాళ్లు అడగరంతే. ఎమ్మార్పీకి పైసా ఎక్కువ తీసుకోకూడదు. జన ఔషధిలో, అదే ప్రభుత్వ చవక మందుల షాపులో, అదే మందు ఎంతకొస్తుందో చూస్తే కళ్లు తిరుగుతాయి. గుండె స్టెంట్లకీ, మోకాలి ఇంప్లాంట్లకీ 2017లోనే కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది...

ఒక్కమాట: ఆయనది తొంటి.

గౌతమీతీరం: తెలుసు. లోపల అమర్చిన ఇంప్లాంట్ ప్యాకెట్ మీది స్టిక్కరైనా అడగమని నా ఉద్దేశం.

లంకకుర్రోడు: బిల్లు కట్టలేదని మనిషిని ఆపే హక్కు ఎవడికీ లేదన్నా. మానవ హక్కుల కమిషన్ 2018 పేషెంట్ల హక్కుల చార్టర్‌లో క్లియర్‌గా ఉంది. రేట్లు ముందే తెలియాలని కూడా ఉంది.

ప్లీడరు_అమలాపురం: చార్టర్ చట్టం కాదు తమ్ముడూ, అమలు చేయమని కేంద్రం రాష్ట్రాలకు పంపింది. మన దగ్గర ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్‌కి 2002 చట్టం ఉంది, ఫిర్యాదు జిల్లా వైద్యాధికారికి (డీఎంహెచ్‌వో) పెట్టొచ్చు. బాకీ ఉంటే వాళ్లు దావా వేసుకోవాలి గానీ మనిషిని నిర్బంధిస్తే నేరమే. ఆ మాట నిజం. ఇంతకీ లక్షా ఇరవై ప్యాకేజీ, అంటే అన్నీ కలిపి ఖరారు రేటు అన్నారా, లేక ఉత్త ఎస్టిమేటా?

కొబ్బరిమట్ట: 'అవుతుంది' అన్నారండి.

లంకకుర్రోడు: అంటే ప్యాకేజీయే.

ప్లీడరు_అమలాపురం: ఎలా అవుతుంది? కాగితం ఉందా?

ఒక్కమాట: 1,94,000లో 71,000 మీరు కడితే, మిగతా 1,23,000 ఎవరు కట్టారు?

కొబ్బరిమట్ట: ఇన్సూరెన్స్ అండి. అది వేరే సంగతి కదా అని రాయలేదు. పాలసీలో రూమ్ రోజుకి 4,000 వరకే, మేం 6,000 ఏసీ రూమ్ తీసుకున్నాం.

ఒక్కమాట: హరి హరీ.

పాలకొల్లు_ఏజెంటు: అక్కడే ఉంది అసలు విషయం. ఎక్కువ రూమ్ తీసుకుంటే ఆపరేషన్ థియేటర్, డాక్టర్ ఫీజుల్లో కూడా అదే లెక్కన (6,000లో 2,000 ఎక్కువ కాబట్టి) మూడో వంతు కోస్తారు. కానీ మందులు, కన్స్యూమబుల్స్, ఇంప్లాంట్లు, టెస్టుల మీద ఆ కోత వేయకూడదని ఇన్సూరెన్స్ కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. ఆ 68,400లో కోత ఉందేమో చూడాలంటే వివరాల బిల్లు ఉండాల్సిందే. ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే టీపీఏ డెస్క్‌లో కోతల షీటు అడగండి. ఇంకోటి, ఆస్పత్రి ఫైనల్ బిల్లు పంపాక మూడు గంటల్లో ఇన్సూరెన్స్‌వాళ్లు తేల్చాలి. వాళ్లు లేటు చేసినందుకు ఆస్పత్రి అదనంగా వేస్తే అది కంపెనీయే భరించాలి, మీరు కాదు.

లంకకుర్రోడు: 1915కి కూడా ఫోన్ చెయ్యన్నా, వినియోగదారుల హెల్ప్‌లైన్.

ప్లీడరు_అమలాపురం: అది రాజీకి. తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. రెండేళ్లలోపు వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు.

గౌతమీతీరం: నేను జన ఔషధి గురించి చెప్పింది ఎవరూ పట్టించుకోలేదు.

కొబ్బరిమట్ట: తొమ్మిది పేజీల బిల్లు ఇచ్చారండి. టెస్టుల మీద కూడా కోసినట్టుంది, టీపీఏ అబ్బాయి ఫోన్‌లో ఉన్నాడు. చార్జింగ్ అయిపోతోంది. థాంక్సండి.

లంకకుర్రోడు: చెప్పానా, ప్యాకేజీయే.

ప్లీడరు_అమలాపురం: కాదు.