గ్యారేజీ తలుపు స్ప్రింగు విరిగింది, కారు లోపలే ఉండిపోయింది

సర్జాపుర సిక్కోలు (ఉదయం 7:20)

బెంగళూరులో సర్జాపుర రోడ్డు వైపు విల్లాలో ఉంటున్నాం. ఈ తెల్లవారుజామున నాలుగున్నరకి గ్యారేజీలో తుపాకీ పేలినట్టు చప్పుడు. అమ్మ గ్యాసు బండ అనుకుని వంటింట్లోకి పరుగెత్తింది, నేను దొంగలనుకుని వీధిలోకి. ఎక్కడా ఏమీ కనబడలేదు. ఇందాక రిమోటు నొక్కితే తలుపు జానెడు లేచి మళ్లీ కిందికి దిగిపోయింది. మోటారు మూలుగుతోంది. తలెత్తి చూస్తే తలుపు పైన అడ్డంగా ఉన్న ఇరుసు మీది స్ప్రింగు మధ్యలో రెండంగుళాల ఖాళీ.

మాది పలకలు పలకలుగా వంగుతూ పైకప్పు కిందికి జరిగే తలుపు, రెండు కార్ల వెడల్పు. స్ప్రింగులు రెండు, ఒకటే విరిగింది. పదింటికి అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. తలుపు అమర్చిన సంస్థవాళ్లు మూడు రోజులు ఆగమంటున్నారు. ఆన్‌లైన్‌లో స్ప్రింగు దొరుకుతోంది, ఇంట్లో పానాలన్నీ ఉన్నాయి. నేనే మార్చుకోవచ్చా? ముందు కారు బయటికి తీసేదెలా?

పీణ్య బాబాయి (7:34)

ముందు రిమోటు పక్కన పెట్టండి. తలుపు బరువు మోసేది మోటారు కాదు, స్ప్రింగులు. అవి సరిగ్గా బిగించి ఉంటే 100 కిలోల తలుపైనా చేతికి నాలుగైదు కిలోలే తెలుస్తుంది. మోటారు నడిపేది ఆ మిగిలిన బరువునే. ఇప్పుడు సగం తలుపు దాని మెడ మీద పడింది. ఇంకో నాలుగు సార్లు నొక్కారంటే లోపలి నైలాను గేరు పళ్లు అరిగి తెల్లటి పిండి రాలుతుంది. స్ప్రింగు ఖర్చుకి మోటారు ఖర్చు తోడవుతుంది.

కారు సంగతి. తలుపు పూర్తిగా నేలకి ఆని ఉందని చూసుకుని, మోటారు ప్లగ్గు తీసి, వేలాడుతున్న ఎర్ర తాడు లాగండి, తలుపు మోటారు నుంచి విడిపోతుంది. తలుపు పైన ఉండగా మాత్రం ఆ తాడు ముట్టుకోవద్దు, మొత్తం ఒక్కసారిగా నెత్తిన పడుతుంది. తర్వాత నలుగురు వరసగా నిలబడి అడుగు అంచు కింద అరచేతులు పెట్టి ఒకే ఊపులో ఎత్తండి. పలకల సందుల్లో వేళ్లు పెట్టకండి. పైకి చేరాక రెండు పక్కలా పట్టాల్లో, చక్రాల కింద క్లాంపులు బిగించండి. అవి చాలవు, రెండు సెంట్రింగు కర్రలు కూడా ఆనించండి. విల్లాల్లో ఎక్కడో ఒకచోట ఇల్లు కడుతూనే ఉంటారు కదా, కర్రలకేం కరువు.

మీరే మార్చుకోవడం గురించి: వద్దు. విరిగినదానితో భయం లేదు, దాని బిగువు పోయింది. పక్కన చెక్కుచెదరకుండా ఉన్న రెండోదాన్ని చూడండి, భయపడవలసింది దానికి. ఏడడుగుల తలుపుకి స్ప్రింగుని ఏడున్నర చుట్లు తిప్పి బిగిస్తారు. తలుపు కింద ఉన్నప్పుడు ఆ బిగువంతా అందులోనే ఉంటుంది.

మడివాళ మాస్టారు (7:51)

బాబాయి గారి మాటకి నా ఎడమచేతి బొటనవేలు సాక్ష్యం. 2019లో నాకూ ఇదే బుద్ధి పుట్టింది. రెండు వీడియోలు చూసి ఇంజినీరునైపోయాను. స్ప్రింగు చివరి దిమ్మెకి రంధ్రాలుంటాయి, వాటిలో అర అంగుళం ఉక్కు కడ్డీలు రెండు మార్చి మార్చి దూర్చుతూ బిగువు విప్పాలి. కడ్డీలు లేక రెండు పెద్ద స్క్రూడ్రైవర్లు తీసుకున్నాను. అవి రంధ్రంలో వదులుగా ఉంటాయన్న ఆలోచనే రాలేదు. బిగింపు మర వదులు చేయగానే స్క్రూడ్రైవరు చేతిలోంచి ఎలా పోయిందో చూడలేదు. పైకప్పు పెచ్చు ఊడి పడింది, వేలు రెండు చోట్ల విరిగింది. ఆరు వారాలు కట్టు. సుత్తితో కొట్టినట్టు ఒకటే పోటు. నిచ్చెనని కాస్త పక్కకి వేసుకున్నాను కాబట్టి ముఖం దక్కింది.

మా ఆవిడ ఇప్పటికీ స్క్రూడ్రైవర్లు దాచిపెడుతుంది.

సర్జాపుర సిక్కోలు (8:02)

సరే సార్, ఆన్‌లైన్‌ ఆర్డరు రద్దు చేశాను.

హెబ్బాళ నివాసి (8:15)

ఈ వారం చలి ఎక్కువగా ఉంది కదా, అందుకే విరిగి ఉంటుంది. చలికి ఉక్కు పెళుసెక్కుతుందని చదివాను.

పీణ్య బాబాయి (8:22)

మంచు కురిసే దేశాల్లో ఆ మాట చెల్లుతుంది. బెంగళూరులో 15 డిగ్రీల చలికి స్ప్రింగు విరగదండీ, స్వెట్టర్లు బయటికి వస్తాయంతే. విరిచేవి రెండే, వాడకం, తుప్పు. మామూలు స్ప్రింగు 10,000 సార్ల లెక్కన తయారవుతుంది, తెరిచి మూస్తే ఒకటి. ఆఫీసు, బడి, కూరగాయలు, సాయంత్రం ట్యూషను అని రోజుకి నాలుగు సార్లు తీస్తే ఏడేళ్లకి ఆయువు తీరుతుంది. మీ తలుపు వయసెంత?

సర్జాపుర సిక్కోలు (8:25)

ఏడేళ్ల మూడు నెలలు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

వేళచ్చేరి వాసి (8:48)

మా చెన్నైలో ఇలాంటి తలుపులు తక్కువ, చుట్టుకునే ఇనుప షట్టర్లే ఎక్కువ. దాని కథ వేరు. పైన గొట్టం మీద గుండ్రటి డబ్బాల్లో గడియారం స్ప్రింగులాంటి బద్దీలు ఉంటాయి. షట్టరు దించితే అవి బిగుసుకుంటాయి, ఎత్తితే చేయి సాయం చేస్తాయి. ఒక బద్దీ విరిగినా మిగతావి కొన్నాళ్లు లాక్కొస్తాయి. అందుకే చప్పుడు వినకపోతే తెలియదు. షట్టరు ఒక పక్కకి ఒరిగి లేస్తుంటేనో, సగంలో వదిలితే జారుతుంటేనో అనుమానించాలి.

2023 డిసెంబరులో మిచౌంగ్‌ తుపానప్పుడు మా వీధిలో మోకాలు దాటి నీళ్లు నిలిచాయి. స్ప్రింగులు పైన ఉంటాయి కదా, వాటికేం కాదని ధీమాగా ఉన్నాను. కానీ పక్కల పట్టాల్లో బురద పేరుకుని ఎండింది. నెల రోజులు కాలితో తన్నీ భుజంతో నెట్టీ ఎత్తాం. ఆ కుదుపులకే కావచ్చు, సంక్రాంతి ముందు ఒక బద్దీ తెగింది. పట్టాలు ముందే కడిగించి ఉంటే సరిపోయేది.

మేస్త్రీ కోసం వెతుకుతూ వచ్చీరాని అరవంలో ఒకాయనతో బేరం మొదలుపెట్టాను. ఆయన కాసేపు విని, "మాది సూళ్లూరుపేట సార్, తెలుగులో చెప్పండి" అన్నారు. బేరం అక్కడే వీగిపోయింది.

తిరువాన్మియూరు అత్తయ్య (9:10)

సముద్రపు గాలి తగిలే ఇళ్లవాళ్లు నూనె మరిచిపోకండి. మూడు నెలలకోసారి స్ప్రింగు చుట్ల మీద పలచగా నూనె పూసి గుడ్డతో తుడిస్తే తుప్పు పట్టదు. గ్రీజు దట్టంగా పూస్తే ఇసుక అంటుకుంటుంది. ఇది మా పనిమనిషి నేర్పిన పాఠం. తుడిచేది తనే కదా.

సర్జాపుర సిక్కోలు (మధ్యాహ్నం 1:40)

కారు బయటికి వచ్చింది. కాపలా మనుషులు ఇద్దరు, పక్కింటి కన్నడ ఆయన, నేను కలిసి ఎత్తాం. నలుగురికీ నడుములు పట్టాయి. సెంట్రింగు కర్రలు నిజంగానే రెండిళ్ల అవతల దొరికాయి. అమ్మ కన్ను బాగుందన్నారు. ఇప్పుడు మేస్త్రీ వచ్చి, రెండు స్ప్రింగులూ మార్చాలంటున్నారు. బాగున్నదాన్ని ఎందుకు మార్చాలి? డబ్బు కోసమేనా?

హెబ్బాళ నివాసి (1:52)

కచ్చితంగా డబ్బు కోసమే. ఒకటే వేయించండి.

పీణ్య బాబాయి (2:05)

అవి కవలలు. ఒకే రోజు పుట్టాయి, అన్నే సార్లు తిరిగాయి. రెండోది వచ్చే నెల పోతే మళ్లీ కర్రలు, మళ్లీ నలుగురు, మళ్లీ కూలి. ఒకటే మారిస్తే కొత్తది గట్టిగా, పాతది అలసటగా లాగుతాయి. ఈసారి మేస్త్రీ మాటే సరైనది.

కొలతలు మాత్రం మీరే చూసుకోండి. విరిగిన ముక్కలో 20 చుట్లు దగ్గరగా ఉన్నచోట కొలిచి 20తో భాగిస్తే తీగ మందం వస్తుంది. లోపలి వ్యాసం, మొత్తం పొడవు, కుడిచుట్టా ఎడమచుట్టా, ఇవీ రాసుకోండి. తీగ అర మిల్లీమీటరు లావైనా బిగువు మూడోవంతు పెరుగుతుంది. "దగ్గర సైజు ఉంది సార్" అంటే ఒప్పుకోకండి.

సర్జాపుర సిక్కోలు (మర్నాడు సాయంత్రం 6:30)

20 చుట్లు 127 మిల్లీమీటర్లు వచ్చాయి, అంటే తీగ పావు అంగుళం. మేస్త్రీ మొదట 6 మిల్లీమీటర్లది తెచ్చారు. వెనక్కి పంపాను, గొణుక్కుంటూ మార్చి తెచ్చారు. రెండూ వేయించాను, కూలితో కలిపి 11,500 అయింది. బిగించాక మోటారు నుంచి విడదీసి తలుపుని నడుము ఎత్తున వదిలితే అక్కడే నిలబడింది. లేవలేదు, జారలేదు. అలా నిలబడితేనే లెక్క కుదిరినట్టట.

పాత స్ప్రింగులు రెండూ ఇందాకే పాత ఇనుము కొనే అతనికి వేశాను. తూకం వేస్తూ, "ఇది బాగానే ఉంది కదా సార్, ఎందుకు మార్చారు?" అన్నాడు.