ఒకే లేఔట్ ఎన్నిసార్లు వాడొచ్చు?

పానగల్ పిల్ల: నా స్క్రాప్‌బుక్ 12 అంగుళాల చదరం. ఎడమవైపు నిలువుగా ఒక పెద్ద ఫొటో, కుడి అంచున ఒకదాని కింద ఒకటి మూడు చిన్నవి, అడుగున రాసుకోవడానికి పట్టీ. సాగర్ వెళ్లినప్పటివి, తమ్ముడి పెళ్లివి, బతుకమ్మవి అన్నీ ఇలాగే అంటించాను. నిన్న మా ఆడబిడ్డ తిరగేసి "అన్నీ ఒకే పేజీలా ఉన్నాయి వదినా" అంది. నాకేమో ఈ లేఔట్ వదలబుద్ధి కాదు. ఏం చేయాలి? అలాగే అంటించడానికి గమ్ము మంచిదా, టేపా?

జడ్చర్ల జంక్షన్: పేజీని గడియారం ముల్లులా పావు వంతు తిప్పండి. పెద్ద ఫొటో పైన అడ్డంగా వస్తుంది, మూడూ కింద వరుసలోకి, పట్టీ ఎడమకి. సాగర్ 26 గేట్లూ ఒకే ఫొటోలో పట్టాలంటే అడ్డం ఫొటోనే కావాలి కదా.

పాలమూరు పిన్ని: నేను పిల్లలమర్రికి చేశాను. ఒకే ఫొటోని మూడు ముక్కలు కోసి ఆ మూడు డబ్బాల్లో పెట్టా. కొమ్మ ఒక డబ్బాలోంచి ఇంకోదాంట్లోకి పాకినట్టుంటుంది. పెద్ద ఫొటో చోట 2018లో చెట్టుకి చెదలు పడితే సెలైన్ సీసాలు కట్టి మందెక్కించిన పేపర్ కటింగ్. మా వీధంతా వచ్చి చూసింది!

కత్తెర కాక: పెళ్లి ఆల్బమ్‌లు కట్టి కట్టి కాయలు కాచిన చేతులమ్మా ఇవి. న్యూస్‌పేపర్‌లో ఆమ్లం ఉంటుంది. అది పచ్చబడి పక్క ఫొటోని కూడా పాడు చేస్తుంది. జిరాక్స్ తీసి, ఆమ్లం లేని కాగితం మీద అంటించు. పేపర్ ముక్కని నేరుగా పెట్టేవాళ్లని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

పాలమూరు పిన్ని: పెంచుకో కాకా. నాది ఇంకా తెల్లగానే ఉంది.

చిట్యాల చెల్లె: నేను బతుకమ్మ పేజీలో ఒక చిన్న ఫొటో తీసేసి అక్కడ పోచంపల్లి చీర ముక్క పెట్టాను. లేఔట్ అదే అయినా ఎవరూ పోల్చుకోలేదు. ముందు గుడ్డని మందం కాగితానికి అంటించి, ఆరాక కోస్తే పోగులు లేవవు.

ఇక్కత్ ఇంటోడు: చీరని కోశారా!? పైగా మీరు పెట్టిన ఫొటోలో గీతలు స్కేలుతో గీసినట్టున్నాయి, అది ప్రింటే. నూలుకి ముందు ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే అసలుదానికి డిజైన్ అంచు కొంచెం చెదిరినట్టుంటుంది, రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది.

చిట్యాల చెల్లె: అది మా అమ్మ చీర అన్నా. మడతల దగ్గర చిరిగిపోతే కొంగు మిగిలింది. ఫోన్ ఫొటో చూసి ప్రింట్ అంటారా? మా నల్లగొండ వాళ్లకి పోచంపల్లి గుర్తుపట్టడం రాదా?

ఇక్కత్ ఇంటోడు: పోచంపల్లి మీ నల్లగొండలో ఎక్కడుంది? 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా.

జడ్చర్ల జంక్షన్: జిల్లా మారితే మగ్గం మారుతుందా అన్నా?

పాలమూరు పిన్ని: మీరు కొట్టుకోండి. గద్వాల చీర పట్టు అంచు రెండు వేళ్ల వెడల్పు తీసుకుని, రాసుకునే పట్టీ చోట పరిచి చూడు పిల్లా. రాత వేరే చీటీ మీద.

కత్తెర కాక: జరీ ఫొటోకి తగిలితే గీతలు పడతాయి. మధ్యలో పల్చటి కాగితం వేయాలి. ఈ ముక్క ఎవరూ చెప్పరు.

పానగల్ పిల్ల: రాత్రి సాగర్ పేజీ తిప్పి చేశాను. గేట్ల ఫొటో పైన బాగా కూర్చుంది. ఎడమ పట్టీలో మాత్రం అక్షరాలు ఒకదాని కింద ఒకటి రాయాల్సి వచ్చింది, "నాగార్జునసాగర్" పట్టలేదు, "సాగర్" అని ఊరుకున్నా. గమ్మా, టేపా అని మొదట్లోనే అడిగాను, ఎవరైనా చెప్తారా?

ఇక్కత్ ఇంటోడు: చిట్యాల చెల్లెమ్మా, ఆ ముక్క వెనకవైపు ఫొటో పెట్టండి.

చిట్యాల చెల్లె: అంటించేశాను అన్నా. వెనకవైపు ఇప్పుడు గమ్ముంది.