గ్లైడ్ చేస్తే ఉన్న దూరమూ పోతోంది, కాస్త చూడండి బాబూ

చాక్‌పీసు:
గ్రూపులో పీడీలు, పీఈటీలు చాలామంది ఉన్నారని ఇక్కడ అడుగుతున్నాను. మా హైస్కూల్లో పీఈటీ పోస్టు ఖాళీ. ఆటలు నా నెత్తిన పడ్డాయి. నాది లెక్కల సబ్జెక్టు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి షాట్‌పుట్ వేస్తుంది, మంచి ఒడ్డూ పొడుగూ. నిలబడి వేస్తే 7.20 మీటర్ల దాకా వస్తోంది. గ్లైడ్ (వీపు అటు పెట్టి, సర్కిల్లో వెనక్కి జారుతూ వచ్చి వేయడం) వస్తే ఇంకాస్త పెరుగుతుందని విని, ఫోన్లో వీడియో పెట్టి నేర్పించాను. ఇప్పుడు 6.60 దాటడం లేదు. పైగా మూడింట రెండు ఫౌల్. నిన్న నాలుగింటికి మొదలుపెట్టి, చీకటిపడి గీత కనపడనంతవరకు వేయించాను. చివరికి పిల్ల ఏడుపు మొహం పెట్టింది. వీడియోలో ఉన్నది ఉన్నట్టే చేస్తోంది, ఒక్క అడుగు తేడా లేదు. వచ్చే సోమవారం మండల పోటీలు. తప్పు ఎక్కడుందో చెప్పి పుణ్యం కట్టుకోండి.

మూడో ఛాన్స్:
గుండు బరువెంత? నేల ఏంటి?

చాక్‌పీసు:
మామూలు గుండే అండీ, స్టోర్‌రూమ్‌లో ఉన్నది. నేల కూడా మామూలు గ్రౌండే.

మూడో ఛాన్స్:
మామూలు అనే బరువు ఎక్కడా లేదు.

పదకోశం:
మాస్టారూ, జవాబుకు ముందు చిన్న సవరణ. గుండు "వేయడం" కాదు, "విసరడం" అంతకన్నా కాదు. ఈ ఆటలో చేసేది నెట్టడం. సర్టిఫికెట్ల మీద "గుండు విసురుట" అని అచ్చేసి మూడు తరాల పిల్లల్ని చెడగొట్టారు. విసరమంటే పిల్లలు క్రికెట్ బంతిలా చెయ్యి వెనక్కి లాగుతారు. నిబంధన ఏమంటుంది? గుండు గడ్డానికో మెడకో ఆనుకుని, లేదా దాని దగ్గరగా ఉండాలి. నెట్టేటప్పుడు చెయ్యి అక్కణ్ణుంచి కిందికి జారకూడదు. గుండు భుజాల గీత దాటి వెనక్కి పోకూడదు. అంటే నిజంగా విసిరితే అది ఫౌలే! మాట తప్పుగా నేర్పితే చెయ్యీ తప్పుగానే నేర్చుకుంటుంది.

ఓరుగల్లు:
అన్నా, మా దిక్కు గుండు ఏసుడు అనే అంటం. ఏసుడు అనుకుంటనే స్టేట్ దాంక పోయినం. మోచెయ్యికి ఏం గాలే.

పదకోశం:
"ఏసుడు" వాడుక మాట, దానికి నా అభ్యంతరం లేదు. నా గొడవంతా "విసురుట"తోనే.

ఓరుగల్లు:
మరి జావెలిన్‌ను ఏమంటరు? అదీ ఏసుడే కదా.

పదకోశం:
దాన్ని విసరాలి. అక్కడ విసరడమే సరైన మాట. తేడా ఉందనేగా నేను మొత్తుకునేది.

సున్నం గీత (రిటైర్డ్ పీడీ):
మాటల సంగతి తర్వాత చూద్దాం. మాస్టారూ, ముందు మీ సర్కిల్ కరెక్టుగా గీశారా? చాలా బళ్ళలో కాలితో గుండ్రంగా గీకేసి సర్కిల్ అంటారు. వ్యాసం 2.135 మీటర్లు. ఒక మేకు, 1.0675 మీటర్ల తాడు, అంతే పని. ముందు అంచున కాలు ఆనించి ఆగే చెక్క, అదే స్టాప్ బోర్డు, 10 సెంటీమీటర్ల ఎత్తు. అది లేకుండా ప్రాక్టీసు చేసిన పిల్లలకు ఎక్కడ ఆగాలో కాలికి తెలియదు. మీ ఫౌళ్ళలో సగం అక్కడివే అయ్యుంటాయి. పాత దూలం ముక్క దొరికితే వంపుగా చెక్కించి, మేకులు దిగ్గొట్టి, తెల్లరంగు వేయించండి.

ఇక సెక్టారు, అంటే గుండు పడాల్సిన చోటు. కోణం 34.92 డిగ్రీలు. కోణమానిని పట్టుకుని గ్రౌండ్లో కూర్చోవద్దు. కేంద్రం నుంచి రెండు వైపులా 20 మీటర్లు లాగండి, ఆ రెండు కొసల మధ్య 12 మీటర్లు వచ్చేలా సర్దండి. కోణం దానంతటదే కుదురుతుంది. నా సర్వీసంతా ఇదే చేశాను, ఏ అధికారీ వేలెత్తి చూపలేదు.

కొలత కూడా చాలామంది తప్పే చేస్తారు. గుండు పడిన గుంటలో మనకు దగ్గరి అంచు దగ్గర టేపు సున్నా పెట్టాలి. టేపు కేంద్రం మీదుగా పోవాలి. చదవాల్సింది సర్కిల్ లోపలి అంచు దగ్గర, పిల్ల కాలి దగ్గర కాదు.

చాక్‌పీసు:
సార్, ఇది భలే ఉంది! 12లో సగం 6, దాన్ని 20తో భాగిస్తే 0.3. సైన్ విలువ 0.3 అయ్యే కోణం 17.46. రెట్టింపు చేస్తే 34.92. పదో తరగతి త్రికోణమితికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. రేపే పిల్లల్ని గ్రౌండ్లోకి తీసుకెళ్ళి గీయిస్తాను. 10 మీటర్ల దగ్గర 6 వచ్చినా సరిపోతుంది కదా?

సున్నం గీత:
భేషుగ్గా. కానీ దూరం పెరిగేకొద్దీ చేతి తప్పు తగ్గుతుంది. 20 దగ్గరే కొట్టండి.

తిరుగుడు బ్యాచ్:
ఇంకా గ్లైడేనా సార్? ప్రపంచమంతా తిరుగుడుకు, అంటే సర్కిల్లో గిర్రున తిరిగి నెట్టే పద్ధతికి, మారిపోయింది. 1976లో బారిష్నికోవ్ గిర్రున తిరిగి 22.00 మీటర్ల ప్రపంచ రికార్డు కొట్టినప్పుడే అయిపోయింది గ్లైడ్ కథ. క్రౌజర్ 2023లో 23.56 ప్రపంచ రికార్డు వేసింది గిర్రున తిరిగే. పిల్లలకు మొదటి నుంచీ తిరుగుడే నేర్పాలి.

సున్నం గీత:
బాబూ, 1988లో టిమ్మర్‌మన్ 23.06 వేసింది గ్లైడ్‌తోనే. ఆడవాళ్ళ ప్రపంచ రికార్డు, లిసోవ్‌స్కాయా 22.63, 1987ది. అదీ గ్లైడే, ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. ఆరు రోజుల్లో పోటీ పెట్టుకున్న పిల్లకు తిరగడం నేర్పితే గుండు సెక్టారులో పడదు, లెక్కరాసే టేబుల్ మీద పడుతుంది.

తిరుగుడు బ్యాచ్:
ఆ రోజుల సంగతులు వేరు సార్, అవన్నీ మాట్లాడితే వేరే చర్చ అవుతుంది.

పదకోశం:
"తిరుగుడు" అన్న మాట కూడా

మూడో ఛాన్స్:
మాస్టారూ, బరువు చూశారా?

చాక్‌పీసు:
చూశానండీ. గుండు మీద అంకె ఎప్పుడో చెరిగిపోయింది. సంచిలో వేసుకెళ్ళి బజార్లో కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. 4 కేజీల 30 గ్రాములు. కొట్టాయన ఏమనుకున్నాడో గానీ సాయంత్రం దాకా నవ్వుతూనే ఉన్నాడట.

మూడో ఛాన్స్:
అది పెద్దాళ్ళది. 18 లోపు అమ్మాయిలకు 3 కేజీలు. మీకొచ్చిన సర్క్యులర్‌లో వయసు, బరువు చూసుకోండి.

చాక్‌పీసు:
చూశాను, 3 అనే ఉంది. అయితే 7.20 ఇంకా పెరుగుతుందన్నమాట! ఆ మాట చెబితే పిల్ల మొహం వెలిగిపోయింది. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. అదే గుండుతో నిలబడి వేస్తే 7.20, గ్లైడ్ చేస్తే 6.60. బరువు రెండిట్లోనూ ఒకటే కదా.

సున్నం గీత:
మట్టి నేల మీద గ్లైడ్ చేయిస్తున్నారా? కాలు జారదు, మట్టిలో తవ్వుకుంటుంది. మధ్యాహ్న భోజనాలు వడ్డించే సిమెంటు గచ్చు ఉంటుంది కదా, అక్కడ గుండు లేకుండా, చదునైన అట్ట ఉన్న బూట్లతో కాళ్ళు మాత్రం చేయించండి. చెవితో వినండి. రెండు కాళ్ళూ దాదాపు ఒకేసారి పడాలి. "టక్‌టక్" అని వస్తే బాగున్నట్టు. "టక్ అని ఆగి, టక్" అని వస్తే మధ్యలో ఆగిపోతోందన్నమాట, గ్లైడ్‌లో వచ్చిన ఊపు అక్కడే చచ్చిపోతుంది. ఇంకొకటి, సర్కిల్ వెనక ఓ రెండు మీటర్ల దూరంలో చెప్పు పెట్టండి. కాళ్ళు పడేదాకా పిల్ల చూపు ఆ చెప్పు మీదే ఉండాలి. తల ముందే తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే ఇక చేత్తో నెట్టడమే మిగులుతుంది.

చాక్‌పీసు:
శబ్దం విన్నాను సార్, "టక్‌టక్" అనే వస్తోంది. చెప్పు కూడా పెట్టాను. అయినా అంతే. కాళ్ళు పడేసరికే ఛాతీ ముందుకు తిరిగి ఉంటోంది. నెట్టగానే పక్కకు తూలి గీత తొక్కుతోంది. ఇన్నిసార్లు వేయించానేమో, దవడ కింద ఎడమ పక్కంతా కందిపోయింది. ఆ గుండుకు తుప్పు కూడా, మెడ మీద గోధుమరంగు మచ్చ. వాళ్ళమ్మ గారు బడికొచ్చి అడిగారు, ఏమని చెప్పాలి? సుద్దపొడి రాయమంటారా?

కోడిగుడ్డు:
రోజుకు రెండు ఉడకబెట్టిన గుడ్లు, పల్లీలు పెట్టించండి సార్. బలం ఉంటే టెక్నిక్ అదే వస్తుంది.

మూడో ఛాన్స్:
ఎడమ పక్కా?

మూడో ఛాన్స్:
అమ్మాయిది ఎడమ చేతి వాటమా?

చాక్‌పీసు:
అవునండీ. రాయడం, తినడం అన్నీ ఎడమే. అది తెలిసిందే కదా, బళ్ళో అందరికీ తెలుసు.

ఓరుగల్లు:
😂😂 అన్నా, బళ్ళె అందరికీ ఎరుకే, మాకెట్ల ఎరుకైతది!

మూడో ఛాన్స్:
వీడియోలో వాడు కుడి చేతి వాడు. కాళ్ళు వాడివి, చెయ్యి పిల్లది. నిలబడి వేసేటప్పుడు తన వాటాన తనే నిలబడుతుంది, అందుకే 7.20. కాళ్ళు మార్చండి.

చాక్‌పీసు:
అయ్యో. "ఉన్నది ఉన్నట్టు" చేయించానని నేనే రాశాను.

సున్నం గీత:
శభాష్. నాకూ తట్టలేదు, సెక్టారు గోలలో పడిపోయాను. మాస్టారూ, వివరంగా చెబుతాను. పిల్ల సెక్టారుకు వీపు పెట్టి వెనక అంచు దగ్గర నిలబడాలి. బరువంతా ఎడమ కాలి మీద. వంగి, ఎడమ మోకాలు మడిచి, కుడి కాలు నేలకు దగ్గరగా, తక్కువ ఎత్తులో స్టాప్ బోర్డు వైపు తన్నాలి. గెంతు కాదు, పైకి లేవకూడదు. అదే ఊపులో ఎడమ మడమతో నెట్టుకుని ఆ కాలిని నడుం కిందికి లాక్కోవాలి. ఎడమ పాదం సర్కిల్ మధ్యలో, కుడి పాదం బోర్డు దగ్గర మధ్య గీతకు కాస్త కుడిగా పడాలి. కుడి బొటనవేలు, ఎడమ మడమ ఒకే వరసలో ఉంటే నడుం తిరగడానికి చోటు ఉంటుంది. కుడి చెయ్యి ఊపి, ఛాతీ దగ్గరకు లాక్కుని ఆపాలి. ముందు ఎడమ పాదం తిరగాలి, తర్వాత మోకాలు, నడుం, ఛాతీ. అన్నిటికన్నా చివర చెయ్యి.

ఇప్పటిదాకా మీ పిల్ల ఎడమ కాలు ముందేసి ఎడమ చేత్తో నెట్టింది. నడుం తిరిగే చోటే లేదు. తూలక ఏం చేస్తుంది పాపం.

సుద్దపొడి మెడకు రాయొచ్చు. ముందు ఆ తుప్పు గీకించండి.

మూడో ఛాన్స్:
సోమవారానికి గ్లైడ్ వద్దు. నిలబడే వేయించండి. గ్లైడ్ చేసి తీరాలని రూల్ లేదు. కదలకుండా నిలబడి మొదలుపెడితే చాలు.

సున్నం గీత:
దీనితో నేనూ ఏకీభవిస్తాను. ఇంకోటి, గుండు నేల మీద పడ్డాకే సర్కిల్ వదలాలి, అదీ వెనక సగం నుంచే. మంచి వేటు వేసి సంతోషంతో ముందుకు పరిగెత్తి ఫౌలైన పిల్లల్ని ఎంతమందిని చూశానో.

పదకోశం:
"వేటు" ఎంత చక్కటి మాట! గుండు వేటు. సర్టిఫికెట్ల మీద ఇది ఎందుకు వేయరు?

ఓరుగల్లు:
వేటు అంటే సస్పెన్షన్ అన్నా. పేపర్ల చూస్తలేవా, "ఎంఈఓపై వేటు".

తిరుగుడు బ్యాచ్:
ఎడమ చేతి వాళ్ళకు తిరుగుడు ఇంకా ఈజీ తెలుసా?

మూడో ఛాన్స్:
కాదు.

చాక్‌పీసు:
అందరికీ థాంక్సండీ. కాళ్ళు మార్చాం, తూలడం తగ్గింది. పక్క ఊరి స్కూలు నుంచి 3 కేజీల గుండు అడిగి తెచ్చాను. ఇప్పుడు బస్సులో ఉన్నాను, దూరాలు తర్వాత పెడతాను.

పల్లీ పట్టీ:
సార్, పాత చర్చలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. డిస్కస్‌కు కూడా సర్కిల్ ఇదేనా? మా బళ్ళో ఒకటే ఉంది.

మూడో ఛాన్స్:
కాదు. 2.50.