బెనితో హువారెజ్ పల్లెలో ఫోనులో పిట్ట కూత పెట్టవచ్చా?

అడవిబాట:
మొన్న మెక్సికోలోని ఓహాకా నగరం నుంచి తెల్లవారుజామునే బయలుదేరి, సియెర్రా నోర్తే కొండల్లోని బెనితో హువారెజ్ పల్లెకు వెళ్లివచ్చాం. మెక్సికోలో తప్ప మరెక్కడా కనిపించని డ్వార్ఫ్ జే అనే పిట్ట కోసమే ఈ ప్రయాణం. పైన్, ఓక్ చెట్ల మధ్య నిలబడి ఊరి గైడు పిగ్మీ గుడ్లగూబలా ఈల వేశాడు. చిన్న పిట్టలన్నీ గోలగా చుట్టుముట్టాయి. ఒళ్లంతా ఎరుపు, చెంపన తెల్లని మచ్చ ఉన్న రెడ్ వార్బ్లర్ చేతికందేంత దగ్గర వాలింది. జే మాత్రం రాలేదు. మాలో ఒకరు ఫోనులో జే కూత పెట్టబోతే గైడు వద్దన్నాడు. ఈలకు లేని అభ్యంతరం ఫోనుకు ఎందుకు?

నీలిరెక్క:
నా ప్రశ్నా అదే. రెండూ పిట్టను మోసం చేయడమే.

చెరువుగట్టు:
తేడా ఉంది. గుడ్లగూబ ఈల వింటే పిట్టలు దాన్ని తరమడానికి గుమిగూడి, ఏమీ కనబడకపోతే చెదిరిపోతాయి. సొంత జాతి కూత వింటే పిట్ట తన హద్దులోకి మరొకటి చొరబడిందనుకుంటుంది. గూడు కట్టే రోజుల్లో మేత మానేసి ఆ శబ్దం చుట్టూ తిరుగుతుంది. వచ్చిన ప్రతి బృందమూ అదే పని చేస్తే?

నీలిరెక్క:
మరి ఈలకు భయపడి గూడు వదిలిన పిట్ట సంగతేమిటి? పిట్టలు చూసేవాళ్ల సంఘమైన అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ నియమావళి కూడా రికార్డింగులను పూర్తిగా నిషేధించలేదు, నిగ్రహం పాటించమంది.

తుంగపిట్ట:
డ్వార్ఫ్ జే తరచుగా గ్రే-బార్డ్ రెన్ అనే పిట్టల గుంపులతో తిరుగుతుంది. రెన్ల రొద వినబడిన చోట కదలకుండా నిలబడండి, చాలు.

నీలిరెక్క:
తీరిక ఉన్నవాళ్ల మాట అది. హ్యూస్టన్ నుంచి సెలవు పెట్టి, విమానానికీ గైడుకూ డబ్బు కట్టి వెళ్లాను. నన్నూ అక్కడ ఇలాగే ఆపారు. జేను చూడకుండానే వెనక్కి వచ్చాను. డబ్బు తీసుకున్న మనిషే ఆంక్షలు పెడితే ఎలా?

చెరువుగట్టు:
అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. మీ కోపం కూత గురించి కాదు, పల్లెటూరి మనిషి మీకు వద్దని చెప్పినందుకు. ఆ అడవి ప్యూబ్లోస్ మాంకోమునాదోస్ పేరుతో జపోతెక్ ఆదివాసుల పల్లెలు ఉమ్మడిగా కాపాడుకుంటున్నది. మాది శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం పక్క ఊరు. పెలికాన్లూ పెయింటెడ్ స్టార్క్ కొంగలూ అక్కడ చెట్లమీద గూళ్లు పెడతాయి. రెట్టల కంపు భరించేది మేము, రాళ్లు విసరవద్దని పిల్లలను మందలించేది మేము. కార్లలో వచ్చినవాళ్లు కెమెరాలతో గూళ్ల కిందికే వెళ్లబోతే మా నాన్న వద్దన్నారు. "నీకేం తెలుసు" అన్నారు ఆయన్ని. ఊళ్లో టీ కూడా తాగకుండా పోయారు.

పాలపిట్ట:
ఇద్దరూ కాస్త శాంతించండి.

నీలిరెక్క:
మీ నాన్నగారిని అవమానించినవాళ్లతో నన్ను కలపకండి. ఊరికి హక్కు లేదని నేను అనలేదు. ఆ నియమమేదో డబ్బు కట్టించుకునేటప్పుడే చెప్పాలంటున్నాను.

చెరువుగట్టు:
చెబితే వెళ్లేవారా?

నీలిరెక్క:
వెళ్లేవాడిని. కాకపోతే ఒక్కరోజులో చూసిరావాలని కాకుండా, ఊళ్లోనే రాత్రి బస చేసేలా వెళ్లేవాడిని.